వద్దని చెప్పే ఐదు అమైనో ఆమ్లాలు

నీళ్లలో కణాలు బారుగా కలిసి పెరిగే, కిరణజన్య సంయోగక్రియ చేసే బాక్టీరియా (సయనోబాక్టీరియా) జాతి అనబీనా. దాని గురించి ఎక్కడ చదివినా, ఎవరు చెప్పగా విన్నా, కథ చివరికి త్యాగం దగ్గరికే చేరుతుంది. పచ్చటి కణాల బారులో ఒకటి తన పచ్చదనాన్ని వదులుకుంటుందట. ఇక ఎప్పటికీ విభజన చెందకుండా ఉండిపోయి, గాలిలోని నత్రజనిని పట్టి తోటి కణాలకు అన్నం పెడుతుందట. పిల్లలకు చెప్పడానికి బాగానే ఉంటుంది. నా పేచీ ఏమిటంటే, ఆ బారులో జరిగేది దీనికి దాదాపు తలకిందులు. నత్రజని కరువొచ్చినప్పుడు ఆ మార్పు వైపు అడుగేయగల కణాలు ఒకటీ రెండూ కావు, దాదాపు అన్నీ. ముందుగా బయల్దేరిన కణం తన ఇరుగుపొరుగును ఆపేస్తుంది. ఆపడానికి అది వాడేది ఒక చిన్న పెప్టైడ్, అంటే అమైనో ఆమ్లాల పొట్టి గొలుసు, అందులో అసలు పని చేసే భాగం ఐదంటే ఐదు అమైనో ఆమ్లాలు. మైక్రోస్కోపు కింద మనం ముచ్చటపడే ఆ క్రమం ఆంక్షల వల్ల ఏర్పడింది. త్యాగమూర్తిని ఎన్నుకోవడమనేది ఎక్కడా జరగలేదు.

ఇది మాటల పట్టింపు కాదు. ఏ కథ చెబుతామన్న దాన్ని బట్టి ఏ ప్రశ్న అడుగుతామన్నది మారుతుంది. త్యాగం అనుకుంటే "ఈ కణం ఎందుకు మారింది?" అని అడుగుతాం. ఆంక్ష అనుకుంటే "మిగతావి ఎందుకు మారలేదు?" అని అడుగుతాం. గత పాతికేళ్లలో ఈ రంగంలో పనికొచ్చిన జవాబులు చాలావరకు రెండో ప్రశ్నకు దొరికినవే.

ముందు ఇబ్బంది ఏమిటో చూద్దాం. గాలిలో నూటికి 78 వంతులు నత్రజనే అయినా దాని రెండు పరమాణువుల మధ్య బంధం మహా గట్టిది. దాన్ని విడగొట్టి అమ్మోనియా చేయగల ఎంజైమ్ నైట్రోజినేజ్. ఒక్క నత్రజని అణువుకు కనీసం 16 ఏటీపీలు (కణం శక్తి కోసం వాడుకునే అణువులు) ఖర్చు. పైగా ఆక్సిజన్ తగిలిందా, ఆ ఎంజైమ్ చెడిపోతుంది. సయనోబాక్టీరియా బతుకేమో ఆక్సిజన్ వదిలే కిరణజన్య సంయోగక్రియ. రెండు పనులూ ఒకే గదిలో సాగవు. కొన్ని ఏకకణ జాతులు పగలు ఒక పని, రాత్రి ఒక పని అని వేళలు పంచుకున్నాయి. అనబీనా, నాస్టాక్ లాంటివి చోటు పంచుకున్నాయి. తంతువులో, అంటే ఆ కణాల బారులో, కొన్ని కణాలు హెటిరోసిస్టులుగా మారి నత్రజని పని చూస్తాయి, మిగతావి ఆకుపచ్చగానే ఉండి చక్కెర తయారుచేస్తాయి.

హెటిరోసిస్టుగా మారడమంటే రంగు మార్చుకోవడం మాత్రమే అనుకోకండి. కణం చుట్టూ ఒక గ్లైకోలిపిడ్ (చక్కెర అతికిన కొవ్వు) పొర, దాని మీద ఒక పాలీశాకరైడ్ (చక్కెరల గొలుసు) పొర వచ్చి చేరి, లోపలికి వాయువు చొరబడటాన్ని తగ్గిస్తాయి. ఆక్సిజన్ పుట్టించే ఫోటోసిస్టమ్ 2 పని మానేస్తుంది. శ్వాసక్రియ పెరిగి, లోపలికి దూరిన కాస్త ఆక్సిజన్‌నూ కాల్చేస్తుంది. పొరుగు కణాల నుంచి సుక్రోజ్ అనే చక్కెర వస్తుంది. ఇటు నుంచి నత్రజనిని మోసే గ్లుటమిన్, ఇంకా ఆస్పార్టిక్ ఆమ్లమూ ఆర్జినినూ కలిసిన ఒక జంట అటు వెళ్తాయి. అన్నిటికన్నా నన్ను ఆశ్చర్యపరిచేది డీఎన్‌ఏలో జరిగే కోత. అనబీనా పీసీసీ 7120 అనే ప్రయోగశాల రకంలో నైట్రోజినేజ్ జన్యువుల్లో ఒకదాని మధ్య సుమారు 11,000 బేస్‌ల (డీఎన్‌ఏ అక్షరాల) ముక్క అడ్డుగా ఉంటుంది. హెటిరోసిస్టుగా మారే కణం ఆ ముక్కను కత్తిరించి పారేసి, రెండు కొసలనూ అతికించుకుంటుంది. 1985లో గోల్డెన్, రాబిన్సన్, హాసెల్‌కార్న్ ఈ సంగతి బయటపెట్టారు. ఇంత దూరం వచ్చిన కణానికి వెనక్కి దారి లేదు.

అందువల్ల ఎవరు మారాలి, ఎందరు మారాలి అన్నది తంతువుకు చావుబతుకుల లెక్క. తక్కువైతే అందరూ పస్తుంటారు. ఎక్కువైతే చక్కెర చేసేవాళ్లుండరు, విభజన చెందేవాళ్లూ ఉండరు. నైట్రేటూ అమ్మోనియా లేని నీళ్లలో పెడితే ఒక రోజు తిరిగేసరికి తంతువులో సుమారు పదికి ఒక కణం హెటిరోసిస్టు అవుతుంది. అవి గుంపుగా ఉండవు. మల్లెదండలో కొంత కొంత ఎడంగా మరువం రెమ్మ గుచ్చినట్టు, ఇంచుమించు సమదూరంలో ఉంటాయి. దండకైతే గుచ్చే చెయ్యి ఒకటుంటుంది. ఇక్కడ అలాంటిదేమీ లేదు.

ఈ క్రమం మీద తొలి మంచి ఊహ 1949 నాటిది. ఇంగ్లండులో జి.ఇ. ఫాగ్ అనబీనా సిలిండ్రికా మీద పనిచేస్తూ, నత్రజని సంబంధమైన ఏదో పదార్థం, బహుశా అమ్మోనియా, ఒక మట్టానికి దిగువన పడ్డ చోట హెటిరోసిస్టు పుడుతుందని ప్రతిపాదించారు. ఆయన ఈ మాట అన్నప్పటికి హెటిరోసిస్టులు అసలు ఏం చేస్తాయో ఎవరికీ తెలియదు. నత్రజని స్థాపన, అంటే గాలిలోని నత్రజనిని అమ్మోనియాగా మార్చడం, జరిగే చోటు అదే కావచ్చన్న వాదన 1968లో గానీ రాలేదు, అదీ ఫాగ్ కూడా ఉన్న బృందం నుంచే. పని తెలియకుండానే క్రమానికి కారణం సగం పట్టుకున్నారన్నమాట.

1973లో కేంబ్రిడ్జ్‌లో విల్కాక్స్, మిచిసన్, స్మిత్ తంతువులను ఓపిగ్గా గమనిస్తూ కూర్చున్నారు. వాళ్లు చూసినదాంట్లో నాకు ముఖ్యమనిపించేవి రెండు. ఒకటి, దగ్గరదగ్గరగా ఉన్న కణాలు ఒకేసారి మారడం మొదలుపెట్టినా, వాటి మధ్య పోటీ నడిచి చివరికి ఒకటే నిలుస్తుంది. మిగిలింది వెనక్కి తగ్గి మామూలు కణమైపోతుంది. రెండు, వాళ్లు చూసిన జాతిలో కణం సమంగా చీలదు, ఒక పిల్ల చిన్నది, ఒకటి పెద్దది. హెటిరోసిస్టు అయ్యేది చిన్నదే. అంటే పరుగు మొదలయ్యే గీత దగ్గరే కొందరికి కాస్త మొగ్గు ఉంది. ఆ తర్వాతిదంతా ఒకరినొకరు నిలవరించుకోవడమే.

నిలవరించే పదార్థం ఏదో ఉండి తీరాలి. అది పుట్టిన చోటు నుంచి పక్కలకు పాకుతూ, దూరం వెళ్లేకొద్దీ పల్చబడాలి. అలన్ ట్యూరింగ్ 1952లో గణితంగా చూపించింది ఇటువంటిదే. తనను తాను పెంచుకునే ఒక పదార్థం, దానికన్నా వేగంగా పాకి దాన్ని అణిచే ఇంకొకటి ఉంటే చాలు, ఎవరూ గీయకుండానే చారలూ చుక్కలూ ఏర్పడతాయి. 1972లో గియరర్, మైన్‌హార్ట్ దీన్ని జీవశాస్త్రజ్ఞులకు అర్థమయ్యే రూపంలో, దగ్గర్లో ఉసిగొల్పడం, దూరాన అణచడం అని చెప్పారు. సిద్ధాంతం సిద్ధంగా ఉంది, అణువులే దొరకలేదు.

ఉసిగొల్పేది ముందు దొరికింది. 1991లో షికాగోలో బ్యుకెమా, హాసెల్‌కార్న్ హెట్-ఆర్ అనే జన్యువును పట్టుకున్నారు. అది చెడితే ఎంత కరువొచ్చినా ఒక్క హెటిరోసిస్టు కూడా రాదు. దాన్ని బలవంతంగా ఎక్కువ నడిపిస్తే నైట్రేటు పుష్కలంగా ఉన్నా హెటిరోసిస్టులు వస్తాయి. హెట్-ఆర్ ప్రోటీన్ డీఎన్‌ఏకు అతుక్కుని తన జన్యువునే మరింత నడిపిస్తుంది. ఇంకేం, దానికి "మాస్టర్ రెగ్యులేటర్" అన్న పేరు స్థిరపడిపోయింది.

ఆ బిరుదు మీద నాకు అభ్యంతరం ఉంది. హెట్-ఆర్ లేనిదే ఏదీ జరగదు, సరే. కానీ ఎక్కడ జరగాలో చెప్పే శక్తి దానికొక్కదానికే లేదు. అది తంతువులోని ప్రతి కణంలోనూ ఉంది. కరువు కబురు కూడా అందరికీ ఒకేలా అందుతుంది. నత్రజని తగ్గితే కణంలో 2-ఆక్సోగ్లుటరేట్ అనే పదార్థం పేరుకుంటుంది, ఎన్‌టీసీఏ అనే ప్రోటీన్ దాన్ని పసిగట్టి హెట్-ఆర్‌ను లేపుతుంది. ఇదంతా ఊరంతటికీ వేసిన దండోరా. అందులో ఎవరి పేరూ ఉండదు. స్థలం గురించిన సమాచారం ఇంకెక్కడి నుంచో రావాలి.

అది 1998లో తేలింది. టెక్సాస్ ఎ అండ్ ఎం విశ్వవిద్యాలయంలో హో-సంగ్ యూన్, జేమ్స్ గోల్డెన్ (పైన డీఎన్‌ఏ కోత దగ్గర చెప్పిన గోల్డెనే) పాట్-ఎస్ అనే జన్యువు గురించి ప్రకటించారు. అది చెప్పే పెప్టైడ్ మహా అయితే 17 అమైనో ఆమ్లాలు. ప్రోటీన్ల లోకంలో ఇది చిరునామా లేనంత చిన్నది. పాట్-ఎస్‌ను ఎక్కువగా నడిపిస్తే హెటిరోసిస్టులు పూర్తిగా ఆగిపోయాయి. దాన్ని తీసేస్తే పదికి ఒకటి పోయి, పదికి మూడు దాకా వచ్చాయి, అవీ పక్కపక్కనే గుంపులుగా. ఆ జన్యువు మొదట్లోనే, మారబోతున్న కణాల్లోనే వెలుగుతోంది. అసలైన చివరి దెబ్బ ఇంకొకటి. పాట్-ఎస్ చివరి ఐదు అమైనో ఆమ్లాలు, అంటే ఆర్జినిన్, గ్లైసిన్, సెరిన్, గ్లైసిన్, ఆర్జినిన్, ఈ వరుసలో కృత్రిమంగా తయారుచేసి నీళ్లలో కలిపితే హెటిరోసిస్టులు రావడం మానేశాయి. ఆ ఐదుగురికి వేరే సహాయం అక్కర్లేదు.

ఈ వరుస ముందు నుంచి చదివినా వెనక నుంచి చదివినా ఒకటే. అందులో రహస్యార్థం ఏమీ లేదనే నా నమ్మకం, అయినా చూసినప్పుడల్లా ముచ్చటేస్తుంది.

తర్వాతి ఏళ్లలో ఈ ఐదుగురూ ఎవరితో తలపడతారో స్పష్టమైంది. 2004లో హెట్-ఆర్ జంటగా డీఎన్‌ఏకు అతుక్కుంటుందని, ఈ పెప్టైడ్ కలిస్తే ఆ పట్టు వదులుతుందని తేలింది. 2009లో రిస్సర్, కాలహన్ ఇంకో అడుగు వేశారు. పెప్టైడ్ వచ్చే వైపున హెట్-ఆర్ ప్రోటీనే తగ్గిపోతోందని, అంటే ఈ సంకేతం హెట్-ఆర్ విచ్ఛిన్నం కావడానికి కారణమవుతోందని చూపించారు. ఇప్పుడు బొమ్మ ఇలా ఉంది. హెట్-ఆర్ తనను తాను పెంచుకుంటుంది, పెరిగేకొద్దీ పాట్-ఎస్‌ను కూడా పుట్టిస్తుంది, ఆ పాట్-ఎస్ పక్క కణాల్లోకి పాకి అక్కడి హెట్-ఆర్‌ను పడగొడుతుంది. ట్యూరింగ్ కాగితం మీద రాసిన ఇద్దరూ దొరికారు.

ఇక్కడితో కథ ముగించేవాళ్లు చాలామంది. నాకు తృప్తి లేదు, ఎందుకంటే పాట్-ఎస్ లేని తంతువులు కూడా పూర్తిగా గందరగోళంలో పడలేదు. మొదటి రోజు గుంపులుగా వచ్చిన హెటిరోసిస్టుల తర్వాత, రోజులు గడిచేకొద్దీ వాటి క్రమం కొంత మామూలుకు దగ్గరైంది. స్థాపించిన నత్రజని పదార్థాలు కూడా పొరుగును ఆపుతున్నాయని 2001లో యూన్, గోల్డెన్లే చెప్పారు. ఫాగ్ గారి పాత ఊహకు ఇలా ఆలస్యంగా ఒక కుర్చీ దొరికింది. అదే ఏడాది కాలహన్, బ్యుకెమా హెట్-ఎన్ పాత్ర తేల్చారు. ఇది చూడ్డానికి ఎంజైమ్‌లా ఉండే పెద్ద ప్రోటీన్. దీని నడుమన కూడా అవే ఐదు అమైనో ఆమ్లాలు అదే వరుసలో ఉన్నాయి! హెట్-ఎన్ లేకపోతే మొదట క్రమం మామూలుగానే వస్తుంది, తర్వాత చెడుతుంది. అంటే పాట్-ఎస్ క్రమాన్ని వేస్తుంది, హెట్-ఎన్ దాన్ని కాపాడుతుంది.

ఈ కాపాడటం ఎందుకంటారా? తంతువు ఆగదు కాబట్టి. రెండు హెటిరోసిస్టుల మధ్య ఉన్న పచ్చకణాలు విభజన చెందుతూ పోతాయి. పదికణాల ఎడం ఇరవై అవుతుంది. రెండు వైపుల నుంచీ వచ్చే ఆంక్ష నడిమధ్యలో బాగా పల్చబడుతుంది. సరిగ్గా అక్కడ, ఆ మధ్యలో, కొత్త హెటిరోసిస్టు లేస్తుంది. లేచీ లేవగానే తనూ వద్దనడం మొదలుపెడుతుంది. కొత్తది ఎక్కడ రావాలో ఎవరూ చెప్పలేదు, వద్దనే గొంతు వినపడని చోట వచ్చింది.

నా వాదనకు అన్నిటికన్నా బలమైన సాక్ష్యం 2005లో వచ్చింది. బోర్థాకుర్, ఆయన సహచరులు పాట్-ఎస్, హెట్-ఎన్ రెండింటినీ ఒకే తంతువులో ఆపేశారు. దాదాపు కణాలన్నీ హెటిరోసిస్టులైపోయాయి. తంతువు చచ్చిపోయింది. ఆకలి వేళ కణాన్ని దాని మానాన వదిలేస్తే అది ఎటు పోతుందో ఇంతకన్నా స్పష్టంగా చెప్పే ప్రయోగం నాకు తెలియదు. పచ్చగా ఉండిపోవడం సహజస్థితి అనీ, హెటిరోసిస్టు కావడం అసాధారణమైన త్యాగమనీ అనుకున్నాం. కరువులో మాత్రం సంగతి వేరు. పచ్చగా ఉండాలంటే ఎవరో ఒకరు ఆపుతూ ఉండాలి.

దీనికి ఒక జవాబు వస్తుందని నాకు తెలుసు. "పేరు ఏదైతేనేం, ఆ కణం విభజన మానుకుంది కదా, సంతానం లేకుండా పోయింది కదా, అది త్యాగం కాదా?" అంటారు. తంతువంతా ఒకే కణం సంతతి, అందరివీ అవే జన్యువులు. ఇక్కడ ఒకరి నష్టం ఇంకొకరి లాభం అనే లెక్కే నిలవదు. నిజానికి తమాషా అంతా ఇంకోవైపు ఉంది. పరుగులో గెలిచినవాళ్లకు వారసులు లేరు, ఓడి ఆగిపోయినవాళ్లకే భవిష్యత్తు. దీన్ని త్యాగం అంటే ఓడినవాళ్లను ఏమనాలి? నీతికథల పదాలు ఈ నీళ్లలో ఈదలేవు.

ఇంకో అభ్యంతరం కాస్త గట్టిది, దాన్ని పక్కన పెట్టను. ఆంక్షే అంతా అయితే, పాట్-ఏ అనే మరో జన్యువు చెడినప్పుడు హెటిరోసిస్టులు తంతువు కొసల్లోనే ఎందుకు వస్తాయి? ఆ కొసలకు ఒకవైపు నుంచే ఆంక్ష వస్తుంది, అందుకని అక్కడ తేలిక అని ఒక వివరణ. అది కూడా నా వైపే మొగ్గుతుంది కానీ అంతటితో ప్రశ్న తీరిపోయిందని అనను. అలాగే ట్యూరింగ్ సమీకరణాల్లోని నునుపు ఇక్కడ లేదు. కణాల్లో అణువుల సంఖ్య తక్కువ, ఒడిదుడుకులు ఎక్కువ, అందుకే ఎడం ఎప్పుడూ ఖచ్చితంగా పది ఉండదు. ఒకచోట ఎనిమిది, ఒకచోట పదిహేను. పాఠ్యపుస్తకాల బొమ్మలు దీన్ని కొలబద్దతో గీసినట్టు చూపిస్తాయి. ఆ బొమ్మలే అపోహకు సగం కారణం.

వద్దనే మాట పక్క కణానికి ఎలా చేరుతుందన్నది వేరే పెద్ద కథ. నీళ్లలో కలిపినప్పుడు పనిచేసింది కదా అని, సహజంగా కూడా నీళ్లలోంచే పోతుందనుకోకూడదు. అలా పోతే పక్కన తేలే తంతువులు కూడా ఆగిపోవాలి. కణాల మధ్య అడ్డగోడల్లో సన్నని రంధ్రాలున్నాయి, వాటిలో సెప్-జె లాంటి ప్రోటీన్లతో కూడిన సందులున్నాయి. 2008లో ములినో, సెవిల్‌లోని ఫ్లోరెస్, హెరెరో తదితరులు మెరిసే రంగును కణాల్లోకి పంపి, ఒక కణంలో ఆ మెరుపును లేజరుతో చెరిపేసి, పక్క కణాల నుంచి అది మళ్లీ ఎంత వేగంగా వచ్చి చేరుతుందో కొలిచారు. దారి ఉందని తేలింది. బాక్టీరియా అంటే ఎవరి బతుకు వాళ్లదే అనే పాఠం ఇక్కడ చెల్లదు.

ఇక అసలు చిక్కుముడి. పాట్-ఎస్ తయారయ్యేది హెట్-ఆర్ ఎక్కువగా ఉన్న కణంలోనే. అది పక్కవాళ్ల హెట్-ఆర్‌ను పడగొడుతుంటే, సొంత ఇంట్లోని హెట్-ఆర్‌ను ఎందుకు వదిలేస్తోంది? ఒక ఊహ ఏమిటంటే, పుట్టినచోట అది పూర్తి పొడవుతో, పదును లేకుండా ఉంటుంది. గోడ దాటేటప్పుడు చివరి ముక్క తెగి పదునెక్కుతుంది. ఇంకో ఊహ చుట్టూ హెట్-ఎల్ అనే ప్రోటీన్ ఉంది. 2002లో లియు, గోల్డెన్ దీన్ని ఎక్కువగా నడిపిస్తే, నీళ్లలో ఆ ఐదు అమైనో ఆమ్లాల పెప్టైడ్ ఉన్నా హెటిరోసిస్టులు వస్తున్నాయని చూశారు. 2020లో చైనాలోని ఒక బృందం హెట్-ఎల్ నేరుగా హెట్-ఆర్‌ను పట్టుకుని, పెప్టైడ్ అంటకుండా కాపాడుతుందని చూపించింది. ఆంక్ష విధించేవాడికి ఆంక్ష వర్తించకుండా చేసే ఏర్పాటు ఇది. నాకు ఈ రెండో వివరణ మీద మొగ్గు. అయితే రెండూ కలిసి పనిచేయడానికి ఏ అడ్డూ లేదు.

మన వైపు రైతులకు ఈ కథలో ఒక ముక్క బాగా తెలుసు. వరిమళ్లలో వేసే అజొల్లా అనే నీటి ఫెర్న్, పశువుల దాణాకు తొట్టెల్లో పెంచే అజొల్లా, దాని ఆకు గుంతల్లో ఈ అనబీనా దగ్గరి బంధువే కాపురముంటుంది. అక్కడ ముదురు ఆకుల్లో హెటిరోసిస్టుల వాటా పదికి రెండు, మూడు దాకా పోతుంది. నీళ్లలో స్వేచ్ఛగా తేలే మామూలు తంతువులో అంత వాటా ఉండదు. అజొల్లా అన్నం పెడుతుంది, అమ్మోనియా తీసుకుపోతుంది, కాబట్టి సొంత చక్కెర గురించి బెంగ లేదు. ఆ తీసుకుపోవడమే ఆంక్షను సడలిస్తోందని అనుకోవడానికి ఆస్కారం ఉంది, ఎందుకంటే పొరుగును ఆపే వాటిలో స్థాపిత నత్రజని కూడా ఒకటి. వరిమళ్లలో ఈ జీవుల నత్రజని పనిని 1939లోనే పి.కె. డే శాస్త్రీయంగా చూపించారు. ఆ రోజుల్లో సంచీ ఎరువు ప్రతి ఊళ్లోకీ చేరలేదు. చేరాక నాచు సంగతి మరుగునపడింది. ఇప్పుడు అజొల్లా తొట్టె పక్కన నిలబడి నత్రజని, పాల దిగుబడి అని మాట్లాడుకుంటాం గానీ, ఆ గుంతల్లో ఎవరు ఎవర్ని ఆపుతున్నారని అడగం.

నా వాదనకు ఆధారంగా చూపదలుచుకున్న చివరి సంగతి కాలానికి సంబంధించినది. హెట్-ఆర్ హెటిరోసిస్టులు చేసే జాతులకే పరిమితం కాదు. తంతువులుగా పెరిగే, హెటిరోసిస్టులు అసలే లేని జాతుల్లో కూడా ఉంది. మందుల షాపుల్లో మాత్రలుగా అమ్మే స్పైరులినాలోనూ ఉంది. 2018లో ఎల్హాయ్, ఖుద్యకోవ్ ఇదే ఐదు అమైనో ఆమ్లాల వరుస ఉన్న పాట్-ఎక్స్ అనే ఇంకో ప్రోటీన్‌ను, హెట్-ఆర్‌తో జతగా, ఇలాంటి తంతురూప జాతుల్లో కూడా గుర్తించారు. ఏకకణ జాతుల్లో మాత్రం హెట్-ఆర్ దాదాపు కనిపించదు. అంటే ఈ ఉసిగొల్పేవాడు, ఆపేవాడు జంట కణాలు బారుగా కలిసి బతకడం మొదలైన కాలం నాటిది, హెటిరోసిస్టులకన్నా పాతది అయ్యుండాలి. ఆపడానికి హెటిరోసిస్టు లేని ఆ తంతువుల్లో, ఆ ఐదు అమైనో ఆమ్లాలు దేన్ని వద్దంటున్నాయన్నదే ఇప్పుడు నన్ను పట్టుకున్న ప్రశ్న.